ఉపాధ్యాయవిద్యార్థి రాధాకృష్ణన్

విద్య నార్జించుట యొకటి. ఆర్జించిన విద్యను పరులకు బోధించుట వేఱొకటి. శాస్త్రములన్నియు కంఠస్థములై యుండియు వానిని శిష్యులకు సుబోధము చేయలేని పండితులు లోకమున గలరు. తమకు దెలిసిన కొలదిపాటి విషయమునే శ్రోతల హృదయములకు హత్తుకొనునట్లు చెప్పగల నేర్పరులును గలరు. ఈ రెండు శక్తులును ఒక్కచోట గూడుట యరుదు. అట్లు గూడిన వారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అగ్రగణ్యులు. వారు భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన సంగతి అందఱకును దెలిసినదే. కాని, ఎం.ఏ. పట్టము పొంది కళాశాలలో ఉద్యోగము చేయుచుండియు వారు మరల విద్యార్థియై బోధనము నభ్యసించిన సంగతి చాలమంది యెఱుగరు.

రాధాకృష్ణన్ గారు 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. వారి పూర్వులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామము. తండ్రి వీరాస్వామిగారు జమీందారీ కొలువులో చిన్న ఉద్యోగి. ఆదాయము స్వల్పము, కుటుంబము పెద్దది. బాలుడు తిరుత్తణిలో ఓనమాలు దిద్ది, తిరుపతిలోను, వేలూరులోను మిషనరీ విద్యాలయములలో చదివి, పిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. తత్త్వశాస్త్రమును వారు కోరి యెన్నుకొనలేదు. ఆ చదువు ముగించిన బంధువొకడు తన పుస్తకముల నీయగా, వెల పెట్టి కొనవలసిన పని తప్పినదని దానినే తీసికొనిరి. పేదఱికము చూపిన ఆ త్రోవయే వారిని జగద్విఖ్యాతులను జేసినది!

ఆ కళాశాలలోని క్రైస్తవాచార్యులు హిందూమతమును విమర్శించుచుండిరి. ఆ విమర్శలు యువకుని మనస్సును కలచివైచినవి. అయినను వారు కోపమునకు లోనుగాక, మన గ్రంథములలో నిజముగా నేమున్నదో తెలిసికొనవలెనని నిశ్చయించుకొనిరి. 1908లో ఎం.ఏ. పరీక్షకై వేదాంతమునందలి నీతిశాస్త్రమును గూర్చి యొక వ్యాసము రచించిరి. విమర్శించిన మతమునకు జెందిన ఆచార్యుడగు హాగ్ దొరయే దానిని మెచ్చుకొని యోగ్యతాపత్ర మిచ్చెను.

1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్రశాఖయందు రాధాకృష్ణన్ గారికి ఉద్యోగము లభించినది. అప్పటికి వారికి ఇరువదియొక్క యేండ్లయినను నిండలేదు. అయితే ప్రభుత్వ విద్యాశాఖ కొలువున జేరిన యువకులకు బోధనాశిక్షణము అవసరమని ఆనాటి యధికారులు తలంచిరి. అందువలన 1910లో వారు సైదాపేటలోని ఉపాధ్యాయ కళాశాలకు వెళ్లవలసివచ్చెను.

ఈ కళాశాల 1856లో నార్మల్ పాఠశాలగా ఆరంభమైనది. పట్టభద్రులు ఇందు శిక్షణము పొంది, మదరాసు విశ్వవిద్యాలయము నడపు పరీక్షలో గెలిచినచో వారికి ఎల్.టి. అను పట్టము లభించుచుండెను. ఎల్.టి. యనగా లైసెన్షియేట్ ఇన్ టీచింగ్, అనగా బోధించుట కర్హత పొందినవాడని యర్థము. ఆ పరీక్షలో రెండు భాగములు. బోధనసూత్రములను, మనస్తత్వమును, పాఠశాల నిర్వహణమును చదివి ప్రశ్నలకు సమాధానములు వ్రాయుట మొదటిది. తరగతిలో పిల్లల యెదుట నిలువబడి పాఠము చెప్పి పరీక్షకులను మెప్పించుట రెండవది. కాగితముపై గెలిచినవాడు నల్లబల్ల యొద్ద గెలువవలెనను నియమము లేదు గదా! కావుననే ఉన్నత పాఠశాలలలో ఎల్.టి. పట్టమునకు అంతటి గౌరవ ముండెడిది. తరువాతి కాలమున ఈ చదువే బి.టి. యనియు, బి.ఇడి. యనియు పేర్లు మార్చుకొన్నది.

కళాశాలలో ఆచార్యపీఠము మీద కూర్చుండినవానికి మరల విద్యార్థుల బల్లపై కూర్చుండుట సులభము కాదు. వేఱొకరైనచో దానిని చిన్నతనముగా భావించి యుందురు. రాధాకృష్ణన్ గారు అట్లు కాలము వ్యర్థము చేయలేదు. వారి పాండిత్యము నెఱిగిన సహాధ్యాయులకు మనస్తత్వశాస్త్రమును గూర్చి ఉపన్యాసము లిచ్చిరి. శిక్షణము పొందవచ్చిన వారే శిక్షకులైరి! ఆ ఉపన్యాసములే 1912లో మనస్తత్వశాస్త్ర గ్రంథముగా వెలువడినవి. క్లిష్టమైన విషయమును క్రొత్తవారికి తేటతెల్లముగ జెప్పు నేర్పు వారికి ఇట్లు చిన్ననాటనే అలవడినది.

పిమ్మట వారు అనంతపురములోను, రాజమహేంద్రవరములోను కొంతకాలము పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైరి. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు వెళ్లుచుండగా, మైసూరు విద్యార్థులు వారి బండిని పూలతో నలంకరించి, గుఱ్ఱములను విప్పి, తామే రైలు స్టేషనువఱకు లాగికొనిపోయిరి. ఏ పట్టమును, ఏ బిరుదమును సాటిరాని సత్కారమది.

1931 మొదలు 1936 వఱకు వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, హుమాయూన్ కబీర్, హీరేంద్రనాథ్ ముఖర్జీ, టి.ఆర్. శేషాద్రి వంటి యువపండితులను వాల్తేరునకు రప్పించిరి. భవనములు విద్యాలయమునకు దేహమైనచో ఉపాధ్యాయులే ప్రాణమని వారు చక్కగా నెఱుగుదురు. తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగాను, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగాను కీర్తి గడించిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో ప్రభుత్వము విశ్వవిద్యాలయ విద్యాసంఘమును నియమించి, వారిని అధ్యక్షులను జేసినది. 1949లో ఆ సంఘ మిచ్చిన నివేదికలో ఉపాధ్యాయశిక్షణమును గూర్చిన సూచన లున్నవి. శిక్షణ కళాశాలలలో పాఠశాల యభ్యాసమునకు ఎక్కువ కాలము కేటాయింపవలెననియు, విద్యార్థి యోగ్యతను నిర్ణయించునపుడు ఆ యభ్యాసమునకు ఎక్కువ విలువ నీయవలెననియు, అచటి యధ్యాపకులలో పెక్కుమంది స్వయముగా పాఠశాలలలో బోధించిన యనుభవము గలవారై యుండవలెననియు సంఘము కోరినది. ఈత నేర్పువాడు ముందు నీట దిగి యుండవలెను గదా! సైదాపేటలో విద్యార్థియై కూర్చుండిన నాటికి సుమారు నలువది యేండ్ల తరువాత, ఆ విద్య యెట్లుండవలెనో దేశమునకు సూచించిన సంఘమునకు వారే పెద్దయగుట విశేషము.

1952లో ఉపరాష్ట్రపతి యై, 1954లో భారతరత్న బిరుదము పొంది, 1962లో వారు రాష్ట్రపతి యైరి. ఆ యేట అభిమానులు వారి జన్మదినమును ఉత్సవముగా జరుప నెంచగా, దానిని ఉపాధ్యాయుల గౌరవార్థము జరుపుటయే తమకు సంతోషకరమని వారు తెలిపిరి. నాటినుండియు సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవ మైనది. 1975 ఏప్రిల్ 17వ తేదీన వారు మదరాసులో పరమపదించిరి.

బాలలారా! మీ యుపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయు ప్రతి యక్షరము వెనుక అతడు విద్యార్థిగా గడపిన దినము లున్నవి. నేర్చుకొనుట మానినవాడు నేర్పుట కర్హుడు కాడు. ఎంత యెదిగినను మరల విద్యార్థుల బల్లపై కూర్చుండుటకు వెనుదీయకుండుటయే రాధాకృష్ణన్ గారి జీవితమునుండి మనము గ్రహింపవలసిన పాఠము.