జహంగీర్ బాద్షా మొక్కు

జహంగీర్ బాద్షా పేరు చెప్పగానే మన ఇళ్ళలో పెద్దవారికి గుర్తొచ్చేది అనార్కలి. 1955లో తెలుగులోనే ఆ సినిమా వచ్చింది, అక్కినేని నాగేశ్వరరావు గారు సలీం వేషం వేశారు. 1960లో మొగల్-ఎ-ఆజం వచ్చింది. బడిపిల్లల్ని అడిగితే న్యాయం కోసం ఆగ్రా కోటకు కట్టించిన గంటల గొలుసు సంగతి చెబుతారు. అనార్కలి కథకు చరిత్రలో గట్టి ఆధారం లేదు. గొలుసు సంగతి మాత్రం బాద్షా స్వయంగా రాసుకున్నదే. ఐతే మేము ఈ సంచికలో చెప్పదలచింది ఆ రెండూ కాదు. ఆయన షికారు గూర్చి, మూగజీవాల మీద ఆయనకున్న ప్రేమ గూర్చి, ఆ రెంటి నడుమ ఆయన మొక్కిన ఒక మొక్కు గూర్చి నాలుగు మాటలు మన సభ్యులకు, వారి పిల్లలకు మనవి చేస్తాము.

ఆయన 1569 ఆగస్టులో ఫతేపూర్ సిక్రీలో పుట్టాడు. అక్బరు బాద్షాకు అంతకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. షేక్ సలీం చిష్తీ గారి దువాతో ఈ బిడ్డ కలిగాడని ఆయన పేరే పెట్టారు. తల్లి ఆమేరు రాజపుత్రుల ఆడపడుచు. కడుపులో ఉండగా ఒక శుక్రవారం నాడు బిడ్డ కదలిక ఆగిపోయిందట. అంతఃపురంలో ఆడవాళ్ళు గాబరాపడి బాద్షాకు కబురు పెట్టారు. ఆ సమయంలో అక్బరు మచ్చిక చేసిన చీతాలతో జింకల వేటలో ఉన్నాడు. బిడ్డ బతికితే జీవితాంతం శుక్రవారం నాడు చీతాల వేట ఆడనని అక్కడే మొక్కుకున్నాడు. బిడ్డ బతికాడు. అక్బరు ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు. కొడుకు కూడా తండ్రి మాటను గౌరవించి శుక్రవారాల్లో చీతాల వేట మానుకున్నాడు. అనగా ఈ బాద్షా భూమ్మీద పడకముందే ఆయన ప్రాణానికీ, జంతువుల ప్రాణానికీ ముడి పడింది.

ఐనను పెరిగిన తరువాత ఆయనంత షికారీ మొగలు బాద్షాల్లో అరుదు. 12వ ఏట మొదలుపెట్టాడు. గద్దెనెక్కింది 1605లో. 11వ పాలనా సంవత్సరం ముగిసేసరికి, అంటే 1617 నాటికి, తాను ఎన్ని ప్రాణులను వేటాడాడో లెక్క తీయమని షికారు దఫ్తరు గుమాస్తాలకు హుకుం ఇచ్చాడు. వాళ్ళు కాగితాలన్నీ వెదికి, ఆయన సమక్షంలో పడిన ప్రాణులు 28,532 అని తేల్చారు. అందులో ఆయన సొంత చేతితో చంపినవి 17,167. షేర్ అనగా పులి, సింహం జాతివి 86. నీల్ గాయ్, మనవైపు మనుబోతు అంటారు, అవి 889. పావురాలు 10,348. కాకులు 3,276. ఈ లెక్కను దాచిపెట్టకుండా తన ఆత్మకథ జహంగీర్ నామాలో ఆయన రాయించాడు. మనవాళ్ళు దీన్నే తుజుక్-ఎ-జహంగీరీ అని కూడా అంటారు. కాకుల్ని కూడా లెక్కపెట్టిన బాద్షా ఇంకొకడు మాకు కనబడలేదు.

షికారు మోజు మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో కూడా అదే పుస్తకంలో ఉంది. ఒక రోజు మనుబోతుకు గురిపెట్టి ఉండగా ఒక గుర్రపు నౌకరు, ఇద్దరు బోయీలు తెలియక ఎదురుపడ్డారు. జంతువు బెదిరి పారిపోయింది. కోపంలో బాద్షా ఆ నౌకరును అక్కడికక్కడే చంపించాడు. బోయీల కాలి నరాలు కోయించి, గాడిదలమీద ఎక్కించి దండులో తిప్పించాడు. గంటల గొలుసు కట్టించిన బాద్షా కూడా ఈయనే. మేము ఈ సంగతి దాటవేసి రాస్తే పిల్లలకు సగం చరిత్రే చెప్పినట్లు అవుతుంది.

మిగతా సగం చూడండి. ఆయనకు మన్సరాజ్ అని ఒక పెంపుడు మగ జింక ఉండేది. పోట్లాటలోనూ, అడవి జింకల్ని పట్టి తేవడంలోనూ దానికి సాటి లేదు. అది చనిపోతే లాహోరు దగ్గర దానికి గోరీ కట్టించి, రాతి మీద దాని పేరు చెక్కించాడు. ఆ మైదానంలో ఎవరూ జింకను వేటాడకూడదని, అక్కడి జింక మాంసం హిందువుకు ఆవు మాంసంతోనూ, ముసల్మానుకు పంది మాంసంతోనూ సమానమని హుకుం ఇచ్చాడు. అక్కడే హిరన్ మీనార్ లేచింది. అది ఇప్పుడు పాకిస్తాన్ లోని షేఖూపురాలో ఉంది. షేఖూ అనేది చిన్నప్పుడు అక్బరు ఆయన్ని పిలిచిన ముద్దుపేరు. గద్దెనెక్కిన కొత్తలోనే వారానికి రెండు రోజులు, గురువారం, ఆదివారం, జంతువధ వద్దని కూడా శాసనం చేశాడు. గురువారం తాను గద్దెనెక్కిన రోజు, ఆదివారం తండ్రి పుట్టిన రోజు.

వేటగాళ్ళ వెంట ఆ కాలంలో దంతపు పనివాళ్ళు కూడా ఉండేవారు. తుపాకీ మందు పోసుకునే చిన్న డబ్బీలను ఏనుగు దంతంతో చేసి, పరుగెత్తే జింక, దాన్ని తరిమే చీతా, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్లు చెక్కేవారు. చంపే సాధనం మీద చచ్చే జంతువు బొమ్మ అన్నమాట. ఐతే బాద్షాకు అన్నిటికన్నా మోజు మాహీ దందాన్ మీద. పేరుకు చేప పన్నే గాని అది నిజానికి చలి సముద్రాల్లో బతికే వాల్రస్ అనే పెద్ద జంతువు కోర. రష్యా, ఇరాను దారిలో చేతులు మారుతూ మన దేశానికి వచ్చేది. విషానికి విరుగుడని ఆనాడు నమ్మేవారు. నల్ల చారలు, మచ్చలు ఉన్న కోరకు ధర ఎక్కువ. అటువంటిది దొరికితే పూరన్, కల్యాణ్ అనే ఇద్దరు పనివాళ్ళకిచ్చి కఠారి పిడులు చేయించాడు. ఒక పిడిని కోసేకొద్దీ అందులో పువ్వులు పూసినట్లు రంగులు తేలాయట. బాద్షా సంతోషం పట్టలేక పూరన్ కు ఏనుగును, ఖిల్లత్ ను, బంగారు కంకణాన్ని ఇనాం ఇచ్చాడు. కల్యాణ్ కు హోదా పెంచి అజాయబ్ దస్త్, అనగా అద్భుతమైన చేయి, అని బిరుదు ఇచ్చాడు. చేతిపని చేసే మనిషికి చేతి పేరుమీదనే బిరుదు! మన సంఘంలో చేతిపనితో బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పాలి.

ఇక ఆయన కన్ను సంగతి. నెల పిల్లలుగా పట్టి తెచ్చిన రెండు సారస్ కొంగల్ని ఐదేళ్ళు పెంచి వాటికి లైలా, మజ్నూ అని పేరు పెట్టాడు. సారస్ కొంగ మనిషంత ఎత్తు ఉంటుంది. 1618లో ఆ జంట గుడ్లు పెట్టింది. అప్పుడు చూడండి బాద్షా పని! అవి జతకూడే సమయం చెప్పమని నౌకరుకు ముందే హుకుం ఇచ్చి, కబురు రాగానే తెల్లవారుజామున స్వయంగా పోయి చూశాడు. రాత్రంతా ఆడపక్షి గుడ్లమీద కూర్చుంటే మగపక్షి పక్కనే నిలబడి కావలి కాస్తుంది. తెల్లవారగానే మగది ముక్కుతో ఆడదాని వీపు గోకి లేపి తాను కూర్చుంటుంది. ముంగిస లాంటి జంతువు వస్తే రెండూ కలిసి తరుముతాయి. 34 రోజులకు పిల్ల బయటకొచ్చింది. తండ్రి పక్షి పిల్ల కాలు ముక్కున పట్టి తలకిందులుగా మోస్తుంటే, చంపుతుందేమోనని బాద్షా భయపడి దాన్ని వేరు చేయించాడు. తరువాత పరీక్షించి, అది ప్రేమేనని తెలుసుకొని మళ్ళీ కలిపాడు. ఇవన్నీ రోజూవారీ రాసిపెట్టుకున్నాడు. దుర్బిణీ లేదు, పుస్తకం లేదు, డేరా పెరట్లో నిలబడి చూసిన చూపే. పక్షుల శాస్త్రంలో పేరుపడ్డ మన సాలిం అలీ గారు (1896–1987) మొగలు బాద్షాల ఈ చూపును మెచ్చుకొని 1920లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలు రాశారు. ఆ తరువాత 1931లో మన హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే కూడా చేశారు.

కొత్త జంతువు ఏది వచ్చినా బాద్షా దాని బొమ్మ వేయించేవాడు. ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడికి నాదిరుల్ అస్ర్ అని బిరుదు ఇచ్చాడు. మన్సూర్ గీసిన సైబీరియా కొంగ బొమ్మ కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. యూరపు పండితులు ఆ పక్షిని తమ పుస్తకాల్లోకి ఎక్కించింది 1773లో. మన్సూర్ దానికి నూటయాభై ఏళ్ళ ముందువాడు.

కొంగల పిల్లల్ని చూస్తూ గడిపిన ఆ రోజుల్లోనే అసలు సంగతి జరిగింది. కొడుకు ఖుర్రం, తరువాత షాజహాన్ అయినవాడు, ఆయన బిడ్డ షుజా తాతకు ప్రాణం. ఆ పసివాడికి జబ్బు చేసింది. ఫిట్లు వచ్చి తెలివి తప్పేది. హకీముల మందులు పనిచేయలేదు. అప్పుడు తాతకు తన తండ్రి శుక్రవారం మొక్కు గుర్తొచ్చింది. 50 ఏళ్ళు నిండితే తుపాకీ వదిలేయాలని అంతకు ముందే మనసులో అనుకొని ఉన్నాడు. ఇప్పుడు బిడ్డ బతికితే ఏ ప్రాణినీ నా చేతితో బాధించనని అల్లాహ్ ముందు మొక్కుకున్నాడు. బిడ్డ కోలుకున్నాడు.

మొక్కు నిలబడింది కూడా. 1619లో మథుర వైపు పోతుంటే ఒక పులి జనాన్ని పీడిస్తున్నదని మొరపెట్టుకున్నారు. జనాన్ని కాపాడాలి, చేతితో చంపకూడదు. నూర్జహాన్ బేగంను కొట్టమన్నాడు. ఆమె ఏనుగు మీద నుంచి ఒక్క గుండుతో పులిని పడగొట్టింది. 17,167 ప్రాణులు తీసిన చేయి ఆ రోజు ఊరికే ఉంది.

సుమారు ఐదేళ్ళు అలా గడిచాయి. ఆ తరువాత అదే ఖుర్రం తండ్రి మీద తిరగబడ్డాడు. బాద్షాకు కోపం ఆగలేదు. ఆ కోపంలో మళ్ళీ తుపాకీ పట్టాడు. మనవడి కోసం మానిన షికారును కొడుకు మీద కోపంతో మొదలుపెట్టాడు. ఆ జంతువులు చేసిన తప్పేమిటి? మేము ఈ భాగం చదివిన ప్రతిసారీ ఆగిపోతాము. ప్రేమతో కట్టిన ముడి కోపంతో తెగింది. కోపం ఎవరిమీదో, దెబ్బ ఎవరికో. మన ఇళ్ళలో కూడా ఇలాగే జరగడం లేదా? పెద్దవాళ్ళ తగాదాలో పసిపిల్లలు, పశువులు దెబ్బతినడం మనం చూడడం లేదా?

చివరి షికారు 1627లో. సారా, నల్లమందు ఏనాడో ఆయన ఒంటిని పిండి చేశాయి. కాశ్మీరు నుంచి తిరిగి వస్తూ బైరంకలా అనే కొండచోట ఆగారు. నౌకర్లు జింకల్ని కొండ పైకి తరిమితే, బాద్షా కింద కూర్చుని తుపాకీ పేల్చేవాడు. దెబ్బతిన్న ఒక జింకను పట్టడానికి పోయిన కాలిబంటు కాలుజారి లోయలో పడి చనిపోయాడు. బాద్షా కళ్ళముందే. మనుబోతు బెదిరిందని నౌకరును చంపించిన మనిషి ఇప్పుడు ఈ బంటు చావు తట్టుకోలేకపోయాడు. వాడి తల్లిని పిలిపించి, సొమ్మిచ్చి ఓదార్చాడు. ఐనను మనసు కుదుట పడలేదు. మలకుల్ మౌత్ తనకే కనబడ్డట్టు అయిపోయాడు. జబ్బు ముదిరింది. కొద్ది రోజులకే, అక్టోబరు నెలాఖరున, రాజౌరీ నుంచి భింబర్ పోయే దారిలో కన్నుమూశాడు. వయస్సు 58. లాహోరు దగ్గర షాదరాలో ఆయన మజార్ ఉంది.

మన దీన్ లో ఆహారం కోసం వేట జాయిజే. ఆట కోసం ప్రాణం తీయడం మంచిది కాదు. దేశంలో 1972 నుంచి వన్యప్రాణుల వేటకు చట్టం కూడా అడ్డంగా ఉంది. కాబట్టి తుపాకీ మన చేతిలో లేదు. కాని మాట ఇచ్చే నోరు, ఎత్తే చేయి అందరికీ ఉన్నాయి. కష్టం వచ్చినప్పుడు మన్నత్ మొక్కడం తేలిక. కోపం వచ్చిన రోజున దాన్ని నిలబెట్టుకోవడం బరువు. అక్బరు ఆ బరువు చివరిదాకా మోశాడు, జహంగీర్ సగంలో దించేశాడు.

పిల్లల్ని హైదరాబాదు తీసుకుపోయినప్పుడు సాలార్ జంగ్ మ్యూజియంలో జేడ్ రాతి వస్తువులున్న గది చూపించండి. జహంగీర్, నూర్జహాన్ ల పేరుమీద కత్తులున్నాయి. వాటి నగిషీ పని చూసి పిల్లలు ముచ్చటపడతారు. అప్పుడు పెరట్లో కొంగపిల్లల్ని చూస్తూ నిలబడ్డ బాద్షా కథ కూడా చెప్పండి, మొక్కు తప్పిన కథ కూడా చెప్పండి. అల్లాహ్ మనకు కోపం నాడు కూడా మాట నిలుపుకునే తౌఫీఖ్ ఇచ్చుగాక. ఆమీన్.