వి.వి. గిరి: కార్మికసభ నుండి రాష్ట్రపతి పీఠమునకు

ఎచ్చెర్ల మీదుగా ఉత్తరమునకు సాగు జాతీయ రహదారి శ్రీకాకుళము, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురములను దాటి బరంపురము చేరును. బరంపురము నేడు ఒడిశాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు శ్రీకాకుళమును, బరంపురమును గూడ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకే చెందియుండెను. ఆ బరంపురమున ఒక తెలుగు న్యాయవాది ఇంట పుట్టిన బాలుడు, డెబ్బదియైదేండ్లు నిండిన పిదప, భారత రాష్ట్రపతి అయ్యెను. రాష్ట్రపతుల పట్టికలో వరాహగిరి వేంకటగిరిగారి పేరు నాలుగవది. పట్టికను కంఠస్థము చేయు విద్యార్థికి ఆ పేరు వెనుకనున్న జీవితము తెలియదు. అందు మన ప్రాంతమునకు గల భాగము అసలే తెలియదు.

గిరిగారు 1894 ఆగస్టు 10న జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమమున పాల్గొనిన వీరవనిత. 1913లో న్యాయశాస్త్రము చదువుటకై గిరిగారు ఐర్లాండు రాజధానియగు డబ్లిన్‌కు వెళ్ళిరి. ఆనాడు ఐర్లాండు సయితము ఆంగ్లేయుల ఏలుబడిలోనే యుండెను. అచ్చటి స్వాతంత్ర్యవీరుల సాహసమును, కార్మికుల పోరాటములను ఆయన కన్నులార చూచిరి. 1916 ఈస్టరు తిరుగుబాటు పిమ్మట దేశము విడిచిపొమ్మని అధికారులు ఆయనను ఆదేశించిరి. న్యాయవాద పట్టా కొఱకు పోయిన యువకుడు ఆ పట్టాతో పాటు కార్మికులను సంఘటితపఱచవలెనను పట్టుదలను గూడ వెంటఁ దెచ్చుకొనెను.

సహాయ నిరాకరణోద్యమ కాలమున వృత్తిని వదలుకొని, 1922లో మద్యపు దుకాణముల యెదుట పికెటింగు జరిపి కారాగారమునకు పోయిరి. ఆ దశకముననే ఆయన దృష్టి రైల్వే కార్మికులపై నిలిచెను. నేటి శ్రీకాకుళము రోడ్డు స్టేషను మీదుగా పోవు రైలుమార్గము అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికుల సంఘమును నిర్మించినవారిలో గిరిగారు ముఖ్యులు. పనినుండి తొలగింపబడిన కార్మికుల పక్షమున 1928లో ఆయన నడిపిన సమ్మె శాంతియుతముగా సాగి కంపెనీని దిగివచ్చునట్లు చేసెను. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవారిలోను ఆయన యొకరు. ఈ సమాఖ్య పేరును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. కథాంతమున ఇది మరల వచ్చును.

1926లో ఆయన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సభకును, 1931లో లండనులోని రెండవ రౌండ్ టేబుల్ సమావేశమునకును కార్మిక ప్రతినిధిగా పోయిరి.

1937 ఎన్నికలలో ఉత్తరాంధ్రము ఒక వింతను చూచెను. జస్టిసు పార్టీ నాయకుడును, మద్రాసు రాష్ట్ర ప్రధానియు అయిన బొబ్బిలి రాజావారు తమ బొబ్బిలిలోనే పోటీచేసిరి. ఆయనపై కాంగ్రెసు గిరిగారిని నిలిపెను. తరతరములుగా కోటకు శిస్తు కట్టి, కోటను చూచి తలవంచిన ప్రజలు ఆ కార్మిక నాయకునకు విజయము చేకూర్చిరి. రాజాజీ మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించి, 1939లో తక్కిన కాంగ్రెసు మంత్రులతోపాటు రాజీనామా చేసిరి. క్విట్ ఇండియా కాలమున మరల కారాగారవాసము. స్వాతంత్ర్యానంతరము సింహళమున భారత హైకమిషనరు పదవి.

1952లో మన పాతపట్నము నియోజకవర్గమునుండి ప్రథమ లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారి ప్రభుత్వమున కేంద్ర కార్మికశాఖామాత్యులైరి. యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి మాటాడుకొని తగవు తీర్చుకొనవలెననియు, ప్రతి తగవును న్యాయస్థానమునకు ఈడ్చుట తగదనియు ఆయన మతము. 1954లో పరీక్ష వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు మార్చెను. కార్మికులకు తానిచ్చిన మాటయు, తన పదవియు ఒకచోట ఇముడవని గ్రహించి గిరిగారు పదవినే వదలిరి. పిదప గజేంద్రగడ్కర్ సంఘము విచారణ జరుపగా, దాని సిఫారసుల ననుసరించి 1955లో పార్లమెంటు శాసనము చేసెను.

1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున ఆయన ఓడిపోయిరి. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడియుండెను. ఆ తెగల అభ్యర్థులలో ఒకరికి కేటాయించిన స్థానము దక్కగా, రెండవ అభ్యర్థియగు దిప్పల సూరిదొరగారు గిరిగారికంటె ఎక్కువ వోట్లు పొంది సామాన్య స్థానమును గెలిచిరి. ఇది చెల్లదని గిరిగారు వ్యాజ్యము వేసిరి. 1959లో సుప్రీంకోర్టు సూరిదొరగారి ఎన్నికనే స్థిరపఱచెను. కేటాయించిన స్థానమునకు నామినేషను వేసిన గిరిజనుడు సామాన్య స్థానమును సైతము పొందవచ్చునను న్యాయము మన పార్వతీపురము ఎన్నికవలన తేటపడెను. కార్మికుల హక్కులకై జీవితమంతయు వాదించిన పెద్ద ఈ ఒక్క వ్యాజ్యమున గిరిజనుని గెలుపునకు ఎదురు నిలుచుట విధివిలాసము.

పిమ్మట ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయిరి. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణింపగా, ఆ బాధ్యత తాత్కాలికముగా గిరిగారిపై పడెను. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మఱునాడే రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. అనగా ప్రధాన ప్రత్యర్థు లిరువురును తెలుగువారే. అంతరాత్మ ప్రబోధము ననుసరించి వోటు వేయవలసినదని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునిచ్చిరి. మొదటి లెక్కింపులో ఎవరికిని చాలినంత ఆధిక్యము రాలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లను కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వోట్ల విలువ వచ్చెను. ఆగస్టు 24న గిరిగారు ప్రమాణ స్వీకారము చేసిరి. ఈ యెన్నికపై వ్యాజ్యము రాగా, పదవిలోనుండియే సుప్రీంకోర్టు నెదుట సాక్ష్యము చెప్పిరి. 1970లో కోర్టు ఆ వ్యాజ్యమును కొట్టివేసెను.

పేదరికము పోవును, రాజభరణములు తొలగును, ధనము పేదల దరికి చేరును అని ఆనాటి రాజకీయము వాగ్దానము చేసెను. గిరిగారి గెలుపు ఆ వాగ్దానమునకు గుర్తుగా నిలిచెను. 1971లో రాజభరణములు రద్దయ్యెను. కాని అదే కాలమున, ఒకనాడు తన్ను లోక్‌సభకు పంపిన పాతపట్నపు సీమలోను, తన్ను ఓడించిన పార్వతీపురపు కొండలలోను, భూమి కొఱకు గిరిజనులు తిరుగబడిరి, నెత్తురు ప్రవహించెను. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమము వేళ తన తెలుగునాటనే రాష్ట్రపతి పాలన విధించు పత్రముపై ఆయనయే సంతకము చేయవలసివచ్చెను.

అన్నిటికంటె కఠినమైన ఘట్టము 1974 మేలో వచ్చెను. మే 8న దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి. నడిపినది గిరిగారు స్థాపించిన ఆ సమాఖ్యయే. అప్పటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ప్రభుత్వము వేలాదిమందిని నిర్బంధించెను. ఎందఱో ఉద్యోగములు పోగొట్టుకొనిరి. మే 27న సమ్మె విరమింపబడెను. 1928లో కార్మికుల ముందు నడచిన నాయకుడు ఇప్పుడు రాష్ట్రపతి భవనమున ఉండెను. ఆయన పేరిటనే ప్రభుత్వము నడచుచుండెను. 1954లో వలె ఆయన పదవి వీడలేదు.

దీనిని తప్పందుమా? మంత్రి తన అభిప్రాయము కొఱకు పదవి వీడవచ్చును. వీడినను ప్రభుత్వము నిలుచును. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ననుసరించి నడువవలసినవాడు. ఈ విషయమును సుప్రీంకోర్టు 1974 ఆగస్టు 23న, అనగా గిరిగారి పదవీకాలము ముగియుటకు ముందురోజున, స్పష్టపఱచెను. 1976లో 42వ సవరణ రాజ్యాంగముననే వ్రాసెను. కావున రాజ్యాంగమర్యాద ఆయన పక్షముననే యున్నది. అయినను అంతరాత్మ పేరిట గెలిచిన యెన్నికనుండి జనులు మఱికొంత ఆశించిరనుటయు సత్యమే. సలహాను త్రోసిపుచ్చకుండగనే హెచ్చరించుటకును, పునరాలోచన కోరుటకును రాష్ట్రపతికి అవకాశము గలదు. ఆ అవకాశమును ఆయన చాలినంతగా వినియోగింపలేదని విమర్శకు లనిరి.

1975లో గిరిగారికి భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసిరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరు ధరించియున్నది.

ఉపాధ్యాయులు పౌరశాస్త్రమున రాష్ట్రపతి అధికారములను బోధించునపుడు, ఈ రెండు సంవత్సరములను, 1954ను, 1974ను, నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, గిరిగారు ఏనాడు ఏమి చేయగలిగియుండిరో విద్యార్థులనే ఆలోచింపుమనవచ్చును. నాయకుడు వేదికపై పలికిన మాటను, పదవిలో చేసిన పనితోను, ఆ పదవి అతనికిచ్చిన అధికారపు మేరతోను సరిచూచుట పౌరుడు నేర్వవలసిన పాఠము. బొబ్బిలి కోట నెదిరించి గెలిచి, పార్వతీపురమున ఓడిన యీ మన ప్రాంతపు పెద్ద జీవితము ఆ పాఠమునకు చక్కని ఉదాహరణము.