విలియం చాపెల్ సంఘ సభ్యురాలు ఫానీ లూ హేమర్

మన మిషనెరీలను గూర్చియు తొలి గురువులను గూర్చియు ఈ శతాబ్ది సంచికలో వ్రాయువారు అనేకులు ఉందురు గనుక, మేము సముద్రమునకు ఆవలనున్న ఒక పల్లెటూరి సంఘ సభ్యురాలిని గూర్చి వ్రాయ దలంచితిమి. వేదాంత కళాశాలలో మేము మార్టిన్ లూథర్ కింగ్ గారిని గూర్చి చదివితిమి గాని ఈమె పేరు వినలేదు. తరువాత చదివినప్పుడు సిగ్గుపడితిమి.

ఫానీ లూ 1917 అక్టోబరు 6న అమెరికాలోని మిస్సిసిపీ రాష్ట్రములో ఒక నల్లజాతి కుటుంబములో 20వ సంతానముగా, అందరిలో చిన్నదిగా జన్మించెను. తండ్రి జిమ్ టౌన్‌సెండ్ వారమంతయు తెల్లదొర పొలములో పాలికి సేద్యము చేయువాడు, ఆదివారము వాక్యము చెప్పువాడు. పంటలో సగము దొరది. విత్తనములకు, తిండికి తెచ్చిన అప్పు తక్కిన సగములోనుండి తీరవలెను. ఈ లెక్క మన పల్లెల పెద్దలకు వివరింప నక్కరలేదు. ఆరేండ్ల ప్రాయమునుండి ఆ పిల్ల ప్రత్తి తీసెను. ప్రత్తి పని లేని నాలుగు నెలలు మాత్రమే బడి. అదియు 12, 13 ఏండ్లకే ఆగిపోయెను. ఒక ఏడు తండ్రి కూడబెట్టి కంచర గాడిదలను, ఆవును కొనగా, ఒక తెల్లవాడు వాటి దాణాలో విషము కలిపెను. ఆ ఇల్లు మరల లేవలేదు.

12వ ఏట ఆమె క్వివర్ నదిలో బాప్తిస్మము పొందెను. 1944లో పెర్రీ హేమర్‌ను వివాహమాడి, రూల్‌విల్ అను చిన్న ఊరి దగ్గర ఒక దొర పొలములో కాపురముండెను. చదువు వచ్చును గనుక కూలీల గంటలు, ప్రత్తి తూకము వ్రాసే పని ఆమెకిచ్చిరి. దొర తూకములో మోసమున్నదని ఎరిగి, అతడు లేని వేళ తాను దాచి తెచ్చిన సరియైన గుండుతో తూచెడిది. 1961లో కడుపులోని గడ్డ తీయించుకొనుటకు ఆసుపత్రికి వెళ్లగా, ఆమెతో ఒక్క మాటయైనను చెప్పక గర్భసంచి తీసివేసిరి. కడుపున పిల్లలు లేని ఆ తల్లి ఇద్దరు ఆడపిల్లలను పెంచుకొనెను.

1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని విలియం చాపెల్ బాప్తిస్టు సంఘములో ఒక సాయంకాలము కూటము జరిగెను. నల్లవారికిని ఓటు హక్కు కలదని ఆమె వినుట అదియే మొదలు. అప్పటికి ఆమెకు 44 ఏండ్లు. ఆగస్టు 31న 18 మంది పాత బస్సులో ఇండియనోలా పట్టణమునకు పేర్లు నమోదు చేయించుకొన వెళ్లిరి. అక్కడి గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగములోని ఒక క్లిష్టమైన భాగమునకు అర్థము వ్రాయమనెను, ఆమె వ్రాయలేకపోయెను. తిరుగు దారిలో, బస్సు రంగు మరీ పసుపుగా ఉన్నదని పోలీసులు డ్రైవరును పట్టుకొనిరి! భయముతో కూర్చున్న ఆ బస్సులో ఆమె కీర్తనలు ఎత్తుకొనెను. ఆ రాత్రియే దొర ఆమెను వెళ్లగొట్టెను. 18 ఏండ్ల చాకిరి అట్లు ముగిసెను. పది దినములకు, ఆమెకు ఆశ్రయమిచ్చిన ఇంటిమీద 16 గుండ్లు పేల్చిరి.

ఇచ్చట మా తోటి గురువులతో ఒక మాట. ఆ కూటమునకు తలుపు తెరచినందుకు ఊరి అధికారులు చర్చికి ఉచితముగా ఇచ్చు నీటిని ఆపి, పన్ను మినహాయింపును తీసివేసిరి. 1964 జూన్‌లో చర్చికి నిప్పు పెట్టజూచిరి. ఆ ప్రాంతమున భయపడి తలుపులు మూసిన కాపరులును ఉండిరి. హేమరమ్మ వారిని ముఖముననే గద్దించెడిది. మేమైతే ఆనాడు తాళపుచెవి ఇచ్చియుందుమా? పాస్టరేటు కమిటీ ఏమనునో అని వాయిదా వేసియుందుమేమో. ఈ ప్రశ్న మమ్మును ఇంకను విడువలేదు.

1963 జూన్ 9న, శిక్షణ తరగతినుండి వచ్చుచుండగా వినోనా పట్టణములో ఆమెను, తోటివారిని బంధించిరి. జైలులో ఇద్దరు నల్లజాతి ఖైదీలకే లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించిరి. మూత్రపిండము చెడెను, ఒక కన్ను దెబ్బతినెను. ఆ బాధ జీవితాంతము పోలేదు. అయినను పౌలు, సీలల చెరసాల పాటను వారు ఆ జైలు గదులలో పాడిరి. పోలీసులను తెల్లవారే కూర్చున్న జ్యూరీ నిర్దోషులని విడిచిపెట్టెను. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ పెద్దల యెదుట ఆమె ఈ సంగతులన్నియు సాక్ష్యమిచ్చుచుండగా, టెలివిజన్ అటు తిరుగకుండ అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేఖరులను పిలిచెను. ఆ రాత్రి వార్తలలో దేశమంతయు ఆమెను చూచెను. రాజీగా రెండు స్థానములు ఇవ్వజూపగా ఆమె పక్షము ఒప్పుకొనలేదు.

ఓటు వచ్చినను కడుపు నిండదని ఆమె ఎరుగును. 1969లో 40 ఎకరములతో సహకార వ్యవసాయ క్షేత్రము ప్రారంభించెను. పేద కుటుంబములకు ఆడపంది నిచ్చి, అది ఈనిన తరువాత కొన్ని పిల్లలను తిరిగి తీసికొని మరియొక ఇంటికిచ్చు ఏర్పాటు చేసెను. మన స్త్రీల మైత్రివారు దీనిని గమనింతురు గాక. వరదలు, అప్పులు మీదపడి కొన్నేండ్లకే ఆ క్షేత్రము చేజారెను.

1977 మార్చి 14న, 59వ ఏట, ఆమె మౌండ్ బయూ ఆసుపత్రిలో మరణించెను. చేతిలో డబ్బు లేదు. భూస్థాపన ఆరాధన ఆ విలియం చాపెల్‌లోనే జరిగెను. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారియైన ఆండ్రూ యంగ్ వచ్చి ప్రసంగించెను. చిన్న చర్చి గనుక ఎందరికో లోపల చోటు చాలలేదు. సహకార క్షేత్రపు నేలలోనే ఆమెను ఉంచిరి. 1992లో పెర్రీ హేమర్‌ను ఆమె ప్రక్కనే పాతిపెట్టిరి.