స్థానం నరసింహారావు గారు - డెసిబెల్ లెక్క

యూనియన్ వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి మిత్రులు అడిగారు. ఫిజిక్సు చెప్పి రిటైరయినవాణ్ణి గనక కాంతి గురించో శబ్దం గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను రాయబోయేది ఒక నటుడి జీవితం. అయితే అందులో శబ్దం లెక్క కూడా ఉంది. ఆ లెక్క కట్టేదాకా ఆయన గొప్పతనం నాకు పూర్తిగా తెలియలేదు. అందుకని రెండూ కలిపే చెబుతాను.

స్థానం నరసింహారావు గారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. ఆ రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే కట్టేవారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి అన్నీ సిద్ధమయ్యాక చంద్రమతి వేషం వెయ్యాల్సినాయన రాలేదు. ఆ వేషం పద్ధెనిమిదేళ్లు నిండీ నిండని ఈ కుర్రవాడి మీద పడింది. ఒక మనిషి రాకపోవడం వల్ల ఆంధ్ర నాటకరంగానికి ఇంత మేలు జరిగిన సందర్భం ఇంకొకటి ఉందో లేదో!

తర్వాత ఆయన తెనాలి వెళ్లి రామవిలాస సభలో చేరారు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండులు మెలిగిన సభ అది. తెనాలిలో నాటకం చూసే జనానికి పద్యమూ తెలుసు, రాగమూ తెలుసు. నచ్చితే వన్స్ మోర్ అంటారు, నచ్చకపోతే ఈల వేస్తారు. అక్కడ నెగ్గడమంటే మాటలు కాదు. స్థానం వారు అక్కడ నెగ్గారు. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, విప్రనారాయణలో దేవదేవి, సారంగధరలో చిత్రాంగి, కన్యాశుల్కంలో మధురవాణి - ఇవన్నీ ఆయన వేషాలే. అన్నీ ఆడవేషాలే అయినా ఒకరి నడక ఇంకొకరికి రాదు, ఒకరి చూపు ఇంకొకరిలో కనపడదు. సత్యభామకు కావలసిన పాటను ఆయనే కట్టుకున్నారు. 1966లో వచ్చిన తులాభారం సినిమాలో కూడా ఆ పాటే వినిపించింది.

మా నాన్నగారు రేపల్లెలో ఒక బియ్యం మిల్లులో పనిచేసేవారు. తెనాలిలో స్థానం వారి నాటకం ఉందని తెలిస్తే సాయంత్రం బండెక్కి పోవడం, రాత్రంతా చూసి తెల్లారి బండికి తిరిగొచ్చి, మొహం కడుక్కుని మిల్లుకు పోవడం. కుర్చీ టిక్కెట్టు కొనే స్తోమతు లేదు. పందిట్లో అందరికన్నా వెనకాల, తడికల దగ్గర చోటు. అయినా సత్యభామ అలిగి మెల్లిగా అన్న మాట కూడా తనకు చక్కగా వినపడేదని చెప్పేవారు. చిన్నతనంలో నేను నమ్మేవాణ్ణి కాదు. ఆడదాని గొంతుతో, మైకు లేకుండా, అంత దూరం ఎలా వినపడుతుంది?

ఇక్కడ లెక్క చూద్దాం. శబ్ద స్థాయిని డెసిబెల్స్‌లో చెబుతాం. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ పేరు మీద వచ్చిన మాట ఇది. బెల్‌లో పదోవంతు డెసిబెల్. ఇది లాగరిథమ్ కొలత. ధ్వని తీవ్రత రెండింతలైతే 3 డెసిబెల్స్, పదింతలైతే 10, నూరింతలైతే 20 పెరుగుతుంది. కనుక రెండు శబ్దాల డెసిబెల్స్‌ను శెనగలూ పెసలూ కలిపినట్టు కలపకూడదు. ఒక్కొక్కదాన్నీ పదితో భాగించి, వచ్చినదాన్ని పదికి ఘాతంగా వేసి తీవ్రతలోకి మార్చాలి. తీవ్రతలను కూడాలి. ఆ మొత్తానికి లాగరిథమ్ కట్టి మళ్లీ పదితో గుణించాలి. 60, 60 కలిస్తే 120 కాదు, 63. 60, 50 కలిస్తే 60.4.

ఇప్పుడు పందిట్లోకి వద్దాం. నటుడికి రెండు మీటర్ల దూరంలో ఆయన గొంతు 76 డెసిబెల్స్ అనుకోండి. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా 6 తగ్గుతుంది. రెండు నుంచి ముప్ఫైరెండు మీటర్లకు నాలుగు రెట్టింపులు, అంటే 24 పోతుంది. వెనక తడిక దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 52. అక్కడ మా నాన్న చుట్టూ నూరుమంది గుసగుసలాడుతున్నారనుకుందాం. ఒక్కొక్కరిది 30 అయితే నూరుమందిదీ కలిపి 50. సత్యభామ మాట ఆ రొద కంటే రెండే డెసిబెల్స్ ఎక్కువ. మాట స్పష్టంగా అందాలంటే పదో పదిహేనో తేడా ఉండాలి.

సరే, నూరుమందిలో యాభైమంది నోరు మూశారు. రొద ఎంత తగ్గింది? మూడే. 47 అయింది. తులాభారంలో సత్యభామ నగలన్నీ తెచ్చి పోసినా తక్కెడ కదలనట్టే, సగం జనం ఊరుకున్నా లెక్క పెద్దగా కదలదు. తొంభైమంది ఊరుకుంటే 40కి దిగుతుంది. అప్పుడు తేడా 12, మాట అందుతుంది. తొంభైతొమ్మిదిమంది ఊరుకుంటే 30, తేడా 22. పందిట్లో అందరూ ఒకే దూరంలో కూర్చోరు కాబట్టి ఇది స్థూలమైన లెక్కే. అయినా విషయం తేలిపోయింది. మా నాన్నకు సత్యభామ గుసగుస వినపడిందంటే, ఆయన చుట్టూ నూటికి తొంభైకి పైగా జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారన్నమాట. సగం మందిని మెప్పించే నటుడు చాలామంది ఉంటారు. ఆ సగంతో వచ్చేది మూడు డెసిబెల్సే. స్థానం వారు గొంతు పెంచి గెలవలేదు, జనం చేత గొంతు తగ్గించి గెలిచారు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1938లో రంగూను వెళ్లి అక్కడ బంగారు కిరీటం అందుకున్నారు. సినిమాల్లోనూ కనిపించారు గానీ ఆయన మనసు రంగస్థలం మీదే. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తన అనుభవాలను నటస్థానం అనే పుస్తకంగా రాశారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. అప్పటికి స్టేజీ మీదికి ఆడవాళ్లు వచ్చారు, మైకులూ వచ్చాయి.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కాలేజీలో ఈ లెక్క నేర్చుకున్న కొత్తలో సెలవులకు రేపల్లె వెళ్లాను. మిల్లులో అప్పుడే రెండో హల్లరు పెట్టారు. చెవులు గింగురుమంటున్నాయని నాన్న అన్నారు. నేను కాగితం తీసి, ఒక్కో హల్లరు 90, జల్లెడ 80 అనుకుని లెక్క కట్టాను. మొత్తం 93.2. మూడే కదా పెరిగింది నాన్నా, ఏం కాదు, అని ధీమాగా చెప్పాను. చదువుకున్న కొడుకు చెప్పాడని ఆయన ఇంక ఆ మాట ఎత్తలేదు.

కూడిక తప్పు కాదు. అర్థం తప్పు. మూడు పెరిగిందంటే చెవిలో పడే శక్తి రెట్టింపయిందని. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చుననీ, ఆపైన ప్రతి మూడుకీ ఆ సమయం సగానికి తగ్గించుకోవాలనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఆ ప్రకారం 93లో ఉండదగ్గది గంటా పావు. నాన్న రోజుకు పది గంటలు ఉండేవారు, అలా ఇరవై ఏళ్లు. చెవిలో ఇంత దూది పెట్టుకోమని కూడా నాకు తోచలేదు.

చివరి రోజుల్లో ఆయనతో ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించేవాళ్లం. ఒకసారి స్థానం వారు అని రాశాను. ఆయన చదివి, తల కాస్త వంచి, వెనక తడిక దగ్గర కూర్చున్నట్టే చెవి ఒగ్గి కాసేపు అలాగే ఉండిపోయారు. ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.

విద్యార్థి మిత్రులారా, డెసిబెల్స్ కూడేటప్పుడు వచ్చే చిన్న అంకెను చూసి మోసపోకండి. ఆ మూడు వెనక ఎంత ఉందో చూడండి. అలాగే మన యూనియన్ డే నాడు ఎవరైనా స్టేజీ మీద నిలబడి మెల్లిగా మాట్లాడితే, ఇంకో స్పీకరు బాక్సు పెట్టమని కేకలెయ్యకండి. రెండో బాక్సు ఇచ్చేది మూడే. మీరంతా కలిసి ఒక్క నిమిషం ఊరుకుంటే ఇరవై దాకా ఇవ్వగలరు.