జీవకుడు: మోతాదు ఎరిగిన వైద్యుడు

రాజగృహంలో శాలవతి అనే గణికకు మగబిడ్డ పుట్టాడు. పుట్టగానే పాత చేటలో పెట్టించి చెత్తకుప్ప మీద పారేయించింది. అటుగా వెళ్తున్న అభయ రాజకుమారుడు కాకులు మూగి ఉండటం చూసి, బిడ్డ బతికున్నాడా అని అడిగాడు. బతికే ఉన్నాడన్నారు. అందుకే జీవకుడని పేరు. కులగోత్రాలు తెలియని ఈ బిడ్డే పెరిగి బింబిసారుడికీ, బుద్ధ భగవానుడికీ, భిక్షు సంఘానికీ వైద్యుడయ్యాడు. వైద్యుడి అన్నం చీముతో సమానమని మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఉంది. సంఘం మాత్రం అదే వైద్యుణ్ణి అక్కున చేర్చుకుంది. బాబాసాహెబ్ కూడా తన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో ఈయన ధమ్మ స్వీకారానికి చోటిచ్చారు.

తక్షశిలలో 7 ఏళ్ళు చదివాక గురువు చేతికి పార ఇచ్చి, చుట్టూ యోజనం దూరం వెతికి మందుకి పనికిరాని మొక్క తెమ్మన్నాడు. జీవకుడు ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. చదువు పూర్తయిందన్నాడు గురువు. ఈ కథని మనవాళ్ళు సగమే చెబుతారు. అన్నీ మందులే సరే, ఎవరికి ఎంత?

ఒకసారి తథాగతుడికి ఒంట్లో నలతగా ఉందని ఆనందుడు కబురు చెప్పాడు. విరేచనం కావాలి. గట్టి విరేచన మందు ఆ శరీరానికి తగదనుకున్నాడు జీవకుడు. ముందు కొన్నాళ్ళు ఒంటికి నూనె పట్టించమన్నాడు. తర్వాత మన కొల్లేట్లో పూసే కలువల్లాంటివే 3 గుప్పెళ్ళు తెచ్చి మందులు పట్టించాడు. అవి వాసన చూడ్డానికే. గుప్పెడుకి 10 చొప్పున 30 విరేచనాలు కావాలని లెక్క. బయటికి వచ్చాక మళ్ళీ ఆలోచించుకున్నాడు: 29 అవుతాయి, వేణ్ణీళ్ళ స్నానం చేశాక ఇంకొకటి. భగవానుడు అది గ్రహించి నీళ్ళు సిద్ధం చేయించారు. ఇదంతా వినయ పిటకం మహావగ్గలో ఉంది. వాసనకే విరేచనం అవుతుందా అంటే, అది అలా ఉంచండి. రోగి బలం చూసి, విడతలుగా ఇచ్చి, ఇచ్చాక కూడా లెక్క సరిచూసుకున్నాడు, అది పట్టుకోండి.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా మన పేటల్లో, ఆకుమందు ఏం చేస్తుందిలే అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేపాళం గింజనే చూడండి. కడుపు కడుగుతుందని మింగిస్తారు. ఎక్కువైతే వాంతులు, విరేచనాలు ఆగవు, ఒంట్లో నీరంతా పోతుంది. పైగా ఏ రెండు గింజల్లోనూ మందు ఒకే బలంతో ఉండదు. బక్కపిల్లలకీ ముసలివాళ్ళకీ అది ప్రాణం మీదికే వస్తుంది. అలా జరిగితే విరుగుడు ఆకుల కోసం తిరక్కుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మింగిన గింజలు మిగిలి ఉంటే అవీ డాక్టరుకి చూపించండి.

కరక్కాయ, తానికాయ, ఉసిరి, అల్లం, పసుపు భిక్షువులు మందుగా ఉంచుకోవచ్చని భగవానుడే అనుమతించారు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల్లో ఉన్న భిక్షువుల దగ్గరా ఇవే ఉండి ఉంటాయి.

జీవకుడు తన మామిడితోటని సంఘానికి ఇచ్చేశాడు. ఆయన కథని చైనా బౌద్ధులు తమ భాషలో రాసుకున్నారు. థాయ్‌లాండ్‌లో నాటువైద్యులు ఈనాటికీ పని మొదలుపెట్టే ముందు ఆయన్ని తలుచుకుంటారు.