గ్యారీ గైగాక్స్

గ్యారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) అమెరికాకు చెందిన ఆటల రూపకర్త, రచయిత. డేవ్ ఆర్నెసన్‌తో కలసి 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఆటను రూపొందించి ప్రసిద్ధి చెందాడు. ఇందులో ఆటగాళ్ళు కల్పిత వీరుల పాత్రలు ధరించి, పాచికల సాయంతో సాహసయాత్రలు చేస్తారు.

జీవితం

గైగాక్స్ షికాగోలో జన్మించాడు. బాల్యంలోనే కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు తరలివెళ్ళింది. 1970లో బీమా సంస్థలో ఉద్యోగం పోగా, కొంతకాలం చెప్పులు బాగుచేస్తూ సంసారం నడిపాడు. 1973లో మిత్రుడు డాన్ కేతో కలసి టి.ఎస్.ఆర్. సంస్థను స్థాపించాడు. ఆట తొలి ముద్రణ 1,000 ప్రతులు మాత్రమే.

వింత జంతువుల సృష్టి

చవకరకం ప్లాస్టిక్ బొమ్మలను చూసి గైగాక్స్ కొన్ని జంతువులను కల్పించాడు. గుడ్లగూబ తల, ఎలుగుబంటి దేహం గల "ఔల్‌బేర్" వాటిలో ఒకటి.

వీటన్నిటికంటే బలమైనది 1983లో "మాన్‌స్టర్ మాన్యువల్ 2" గ్రంథంలో ప్రవేశపెట్టిన "టరాస్క్". దీనికి మూలం ఫ్రాన్సులోని టరాస్కాన్ పట్టణపు ఐతిహ్యం. అందులో సింహపు తల, తాబేటి చిప్ప, ఆరు కాళ్ళు గల మృగాన్ని సెయింట్ మార్తా ప్రార్థనతో లొంగదీసింది. గైగాక్స్ తన మృగానికి 300 పాయింట్ల ప్రాణబలం ఇచ్చాడు. దాని చిప్ప మంత్రకిరణాలను తిప్పికొడుతుంది. ఆయుధాలతో పడగొట్టినా, కోరికను నెరవేర్చే మంత్రం ప్రయోగించనిదే అది చావదు. ఆ విధంగా మహాబలులైన వీరులకు సైతం ఓటమి భయం మిగిలింది.

చివరి దశ

1985లో గైగాక్స్ టి.ఎస్.ఆర్. పై అధికారం కోల్పోయి, 1986లో సంస్థను వీడాడు. ఆట హక్కులు సంస్థకే మిగిలాయి. ఆయన లేక్ జెనీవాలో మరణించాడు. 2014లో వెలువడిన ఆట ఐదవ కూర్పులో కూడా టరాస్క్‌కు చోటు దక్కింది.