మురుగులో పెరిగే బూజుకు మన తెలుగువాడి పేరు

మన సైన్సు పుస్తకాల్లో కనిపించే శాస్త్రవేత్తల పేర్లు చాలావరకు విదేశీయులవే. అందుకే మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక కోసం మనవారొకరి జీవితం రాద్దామని మేము అనుకున్నాం. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. తండ్రి చనిపోయాక తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. (పదో తరగతి తమ్ముళ్ల కోసమే ఈ వాక్యం ప్రత్యేకంగా రాశాం.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని వెళ్లినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు గారికి కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా అంతకంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. 1922లో ఆయన భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆమె జీవితమంతా ఎదురుచూస్తూనే గడిచింది. గొప్పవారి చరిత్ర రాసేటప్పుడు ఈ సంగతి దాచడం మాకు న్యాయం అనిపించలేదు.

బోస్టన్‌లో ఆయన రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో వాళ్లిద్దరూ కండరాల్లో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. జీవకణం ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టే చిల్లర డబ్బు ఈ ఏటీపీ. మన కార్వాన్‌లో నాన్‌రొట్టెల భట్టీ దగ్గర పులిసిన పిండి వాసన వస్తుంది కదా, అది ఈస్టు పనే. కల్లులో నురగా దాని పనే. ఒక గ్లూకోజు అణువును ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడితే ఈస్టుకు మిగిలే లాభం రెండు ఏటీపీ అణువులు. అంతే!

ఈస్టు కథ ఇంకొకటి ఉంది. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనత గురించి రాశారు. మార్మైట్ తినిపిస్తే అది తగ్గింది. బీరు తయారయ్యాక మిగిలే ఈస్టుతో చేసే చవక సారమే మార్మైట్. అందులో ఏముందో మాత్రం అప్పుడు తెలియలేదు. ఈస్టులో, కాలేయంలో ఉండే ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరిన సుబ్బారావు గారి బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నదమ్ములకు మాత్రం అందలేదు. ఈ రోజు బడుల్లో పిల్లలకు వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రలో ఈ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. చేదని కిటికీలోంచి పారేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

బోదకాలుకు వాడే హెట్రజాన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పనే. ఆయన నాయకత్వంలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని 1948లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, ఆయన నిద్రలో కన్నుమూశారు.

సూక్ష్మజీవులను పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి మందులో, ఆల్కహాలో తీశాక చక్కెరలు, మాంసకృత్తులు కలిసిన నీళ్లు మిగులుతాయి. అవి నదిలో పడితే అక్కడి బాక్టీరియా వాటిని తింటూ నీటిలోని ఆక్సిజనంతా వాడేస్తుంది, చేపలు చచ్చిపోతాయి. నగరం మురుగుతోనూ ఇదే బాధ. పురానాపుల్ మీద ముక్కు మూసుకుని నడిచే మనకు మూసీ గురించి వేరే చెప్పాలా?

కానీ ఆ మురికిని నదిలో వదలకముందే సూక్ష్మజీవులకు మేపవచ్చు. జర్మనీలో కాగితం మిల్లుల వ్యర్థం మీద ఈస్టును పెంచి ఆహారంగా వాడారు. స్వీడన్‌లో బంగాళాదుంపల ఫ్యాక్టరీ నీళ్లతో రెండు రకాల ఈస్టులను పెంచి పశువుల దాణా చేశారు. ఇంకో పద్ధతిలో, పరిచిన రాళ్ల మీద మురుగునీళ్లు చిలకరిస్తారు. రాళ్లకు పట్టిన జిగురులో బాక్టీరియా, బూజులు ఉంటాయి. నీళ్లు జారుతుంటే అవి మురికిని తినేస్తాయి.

అలాంటి రాళ్ల మీద దొరికిన ఒక కొత్త బూజును 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త వర్ణించి, సుబ్బారావు గారి పేరు మీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. రొట్టెల ఈస్టు అసలు పేరు శాకరోమైసిస్. రెండు పేర్లకూ తోక ఒకటే, మైసిస్ అంటే శిలీంధ్రం. స్ప్లెండెన్స్ అంటే మెరిసేది. మురుగులో పెరిగే బూజుకు ఆ పేరు!